వరస తప్పకుండా ఇవ్వండి: క్రైమ్ సిరీస్‌ల ప్రచురణకర్తలకు బహిరంగ లేఖ

పోలీసు డిటెక్టివ్ నవలల సిరీస్‌లను అచ్చువేసేవారికి, వాటిని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి తెప్పించేవారికి, వెనక అట్ట మీద కథ రాసేవారికి,

నమస్కారం.

స్వీడన్ రచయితలు మాయ్ షోవల్, పేర్ వాలో కలిసి పోలీసు డిటెక్టివ్ మార్టిన్ బెక్ మీద రాసిన నవలల్లో నాలుగోదాన్ని ఈమధ్య మళ్ళీ చదివాను. ఇంగ్లీషులో దాని పేరు 'ద లాఫింగ్ పోలీస్‌మన్'. స్వీడిష్‌లో 1968లో వచ్చింది. చదివిన సంతోషం చల్లారకముందే మీకు రాయాలనిపించింది. ఆ సంతోషంలో సగం రచయితలు ఇచ్చింది. మిగతా సగం మీ చేతుల్లో ఉంది. దాన్ని మీరు చాలాసార్లు పాఠకులకు దక్కనివ్వడం లేదు.

కథ 1967 నవంబరులో, స్టాక్‌హోమ్‌లో మొదలవుతుంది. వాన కురుస్తున్న రాత్రి. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా జనం అమెరికా రాయబార కార్యాలయం దగ్గర ప్రదర్శనకు దిగితే పోలీసు బలగమంతా అక్కడే మోహరించి ఉంది. అదే రాత్రి ఇంకోచోట, ఒక డబుల్ డెక్కర్ బస్సులో డ్రైవర్నీ ప్రయాణికుల్నీ ఎవరో తుపాకితో కాల్చేసి మాయమైపోతారు. ముందుగా అక్కడికి చేరిన గస్తీ పోలీసులిద్దరూ కంగారులో బస్సంతా తొక్కి ఆనవాళ్ళు పాడుచేస్తారు. చనిపోయినవాళ్ళలో ఒకడు ఓకె స్టెన్‌స్ట్రోమ్. మార్టిన్ బెక్ దగ్గర పనిచేసే కుర్ర డిటెక్టివ్. ఆ రాత్రి అతనికి డ్యూటీ లేదు. మరి సర్వీసు పిస్టల్ దగ్గర పెట్టుకుని ఆ బస్సు ఎందుకెక్కాడు?

ఇదంతా నవల మొదట్లోనే తెలిసిపోతుంది కాబట్టి చెప్పాను. ఇంతకుమించి చెప్పను.

సిరీస్‌ను ఈ పుస్తకంతో మొదలుపెట్టినవాళ్ళకు స్టెన్‌స్ట్రోమ్ ఒక శవం, ఒక ప్రశ్న. కథ వాళ్ళను కూడా పట్టి లాగుతుంది, సందేహం లేదు. అయితే మొదటి నవల నుంచి నడిచి వచ్చినవాళ్ళకు ఆ పేరు చదవగానే గుండె ఆగినంత పనవుతుంది. ఆ మొదటి నవల 'రోజానా'లో అనుమానితుణ్ణి నీడలా వెంటాడిన కుర్రాడు అతను. ముగ్గురు పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే గదిలో ఓ మూల ఉండి, తన పని తాను చేసుకుపోయినవాడు. అతని గురించి మనకు తెలిసింది చాలా తక్కువ. నాలుగో నవలలో బెక్, అతని సహోద్యోగి కోల్‌బెర్గ్ కూర్చుని ఈ కుర్రాడి గురించి మనకసలు ఏం తెలుసు అని తడుముకుంటారు. ఏళ్ళ తరబడి పక్కన పనిచేసినవాడు, అయినా పెద్దగా ఏమీ తెలీదు. ఆ సిగ్గు, ఆ బాధ పాఠకుడికి కూడా తగులుతుంది. మనం కూడా మూడు పుస్తకాలుగా అతన్ని చూస్తూనే ఉన్నాం, పట్టించుకోలేదు. ఈ దెబ్బ కొట్టడానికి రచయితలు మూడు నవలలపాటు ఓపిక పట్టారు. ఒక్క పుస్తకంతో ఇది సాధ్యమయ్యేది కాదు.

అతనితో కలిసి బతికిన ఓసా టోరెల్ అనే అమ్మాయి ఈ నవలలోనే మనకు దగ్గరవుతుంది. తర్వాతి నవలల్లో ఆమె ఎక్కడ, ఎలా కనిపిస్తుందో చెప్పను. వరసలో చదివేవాళ్ళకు ఆ క్షణం దాచిపెట్టాలి. మీరు కూడా అలాగే దాచిపెట్టాలన్నదే నా మొర.

పోలీసు నవలలో నన్ను పట్టి కూర్చోబెట్టేది పని జరిగే తీరు. అపార మేధావి ఒకడు వచ్చి, అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి, గుట్టు విప్పి వెళ్ళిపోయే కథల అందం వేరే. వాటిని తక్కువ చేయను. పోలీసు డిటెక్టివ్‌కు మాత్రం పైన ఒక అధికారి ఉంటాడు, కింద ఒక కొత్తవాడు ఉంటాడు, బల్ల మీద ఫైళ్ళుంటాయి, బయట విలేకరులుంటారు. అడగాల్సిన ప్రశ్నకు చట్టం అడ్డొస్తుంది. పక్క విభాగం వాళ్ళు కాగితం పంపరు. అతనికి జలుబు చేస్తుంది. 'రోజానా'లో మోతాలా అనే ఊరి దగ్గర కాలువలో పూడిక తీస్తున్న యంత్రం ఒక యువతి శవాన్ని పైకి తెస్తుంది. ఆమె ఎవరో తేలడానికే నెలలు పడుతుంది. ఆ నెలల్లో జరిగేది ఏమిటి? ఉత్తరాలు రాయడం, ఫోన్లు చేయడం, ఎదురుచూడడం. ఆమె ఎక్కిన పర్యాటకుల పడవలో ఉన్నవాళ్ళందర్నీ దేశదేశాల్లో వెతికి పట్టుకుని, వాళ్ళు సరదాగా తీసుకున్న ఫొటోలు, చిన్న సినిమాలు తెప్పిస్తారు. చీకటి గదిలో పోలీసులు కూర్చుని, ఎవరిదో సెలవుల సినిమాలో ఒక మూల నిలబడ్డ ఆ అమ్మాయిని వెతుకుతారు. తుపాకి మోతలేమీ లేని ఆ పుటల్ని నేను ఊపిరి బిగబట్టి చదివాను. ఎదురుచూపును ఇంత ఉత్కంఠగా రాయగలగడం మామూలు విద్య కాదు.

ఇలాంటి పని నవల తర్వాత నవలగా చూస్తుంటే మనుషులు తెలిసిపోతారు. బెక్ బృందంలోని మెలాండర్ ఏదీ మర్చిపోడు. పదేళ్ళ కిందటి కేసులో సాక్షి పేరు కావాలంటే అతన్నడిగితే చాలు. గున్వాల్డ్ లార్సన్ తలుపు తట్టడం కంటే తన్నడం ఇష్టపడతాడు. కోల్‌బెర్గ్ తుపాకి పట్టుకోడు, దానికో కారణముంది. ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు ఒకే కారులో వెళ్తున్నారంటే, రచయిత ఒక్క మాట రాయకముందే పాఠకుడికి ఆ కారులోని నిశ్శబ్దం తెలుస్తుంది. సిరీస్ ఇచ్చే అసలు సుఖం అదే. రచయిత చెప్పనవసరం లేనిది పాఠకుడి దగ్గర అప్పటికే ఉంటుంది. పాఠకుడి జ్ఞాపకం కూడా కథలో ఒక సాక్షి. మీరు పుస్తకాలను ముందువెనకలుగా వదిలితే ఆ సాక్షి నోరు మూసేసినట్టే.

ఈ విషయంలో షోవల్, వాలోలకు ఎలాంటి అనుమానమూ లేదు. 1965 నుంచి 1975 దాకా వచ్చిన పది నవలలను, నవలకు 30 అధ్యాయాల చొప్పున, 300 అధ్యాయాల ఒకే నవలగా వాళ్ళు తలపెట్టారు. పదింటికీ కలిపి 'ఒక నేరం గురించిన నవల' అని ఉపశీర్షిక పెట్టారు. స్వీడన్‌లో ఊరికో పోలీసు వ్యవస్థగా ఉన్నదాన్ని ప్రభుత్వం 1965 జనవరిలో ఒకే జాతీయ వ్యవస్థ కిందికి తెచ్చింది. ఆ మార్పు లోపలి మనుషుల్ని ఏం చేసిందో ఈ పదేళ్ళ కథ నెమ్మదిగా చూపిస్తుంది. మొదటి నవలల్లో ఆ ఊసు తక్కువ. చివరికి వచ్చేసరికి గొంతు కటువెక్కుతుంది, కోపం పైకి తేలుతుంది. నచ్చినవాళ్ళున్నారు, ఇది ఉపన్యాసమైపోయిందని విసుక్కున్నవాళ్ళూ ఉన్నారు. నాకు ఏడో నవల అన్నిటికంటే గొప్పదనిపిస్తుంది. ఏదేమైనా ఆ గొంతు మారడం వినాలంటే మొదటి నుంచి వినాలి. పిల్లలు పడుకున్నాక రాత్రుళ్ళు కూర్చుని అధ్యాయాలు పంచుకుని రాసిన ఆ జంటలో పేర్ వాలో 1975 జూన్‌లో చనిపోయారు. పదో నవల ఆ ఏడాదే వచ్చింది.

అదే సిరీస్‌లో తొమ్మిదో నవల సంగతి చూడండి. మొదటి నవలలో బెక్ నెలల తరబడి వెతికి పట్టుకున్న మనిషే, శిక్ష ముగించుకుని ఇందులో ఒక పల్లెటూళ్ళో బతుకుతుంటాడు. పొరుగున ఉండే ఒక స్త్రీ కనిపించకుండా పోతుంది. ఊరి వేళ్ళన్నీ అతనివైపే. పాత కేసు తెలిసిన పాఠకుడికి ఇక్కడ ఎంత చిక్కు! అతను ఏం చేసినవాడో కళ్ళారా చూశాం. అయినా ఈసారి కూడా అతనేనా? పాత భయం, కొత్త న్యాయం రెండూ పాఠకుడి లోపలే కొట్లాడుకుంటాయి. ఇప్పుడు ఈ తొమ్మిదో నవలను ముందు చదివినవాళ్ళ సంగతి ఆలోచించండి. మొదటి నవలలో అన్ని నెలల వెతుకులాట వాళ్ళకు తెలిసిన జవాబు కోసం తిరగడమే అవుతుంది. తొమ్మిదో నవలలోని చిక్కు కూడా వాళ్ళకు సగమే అందుతుంది. ఒక్క వరస తప్పితే రెండు పుస్తకాలు పోతాయి.

ఇది ఎక్కడో ఒకసారి జరిగే పొరపాటయితే ఉత్తరం రాసేవాణ్ణి కాను.

స్వీడన్ రచయిత హెనింగ్ మాంకెల్ పోలీసు డిటెక్టివ్ కుర్ట్ వాలాండర్ మీద రాసిన నవలలు ఇంగ్లీషులోకి వచ్చిన తీరు చూడండి. స్వీడిష్‌లో 1991 నుంచి 1998 దాకా, ఏడాదికొకటి చొప్పున ఎనిమిది నవలలు వచ్చాయి. ఇంగ్లీషులో మొదటిది 1997లో వచ్చింది. 1998లో మూడోది వచ్చింది. 1999లో ఐదోది, 2000లో ఆరోది. అప్పుడు వెనక్కి తిరిగి 2001లో రెండోది. నాలుగోది 2005 దాకా రానేలేదు. ఐదో నవలలో వాలాండర్ సెలవు పెట్టి బైబాతో కలిసి వెళ్ళడానికి రోజులు లెక్కపెట్టుకుంటుంటాడు. కేసు తెమలదు, సెలవు దగ్గరపడుతుంటుంది, ఆమెకు ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలీక సతమతమవుతాడు. ఎవరీ బైబా? ఆమె రెండో నవలలో, లాత్వియా రాజధాని రీగాలో, చాలా బరువైన పరిస్థితిలో అతనికి పరిచయమైన మనిషి. 1999లో ఇంగ్లీషు మీద ఆధారపడ్డ పాఠకుడికి ఆమె వట్టి పేరు. రెండేళ్ళ తర్వాత ఆమె కథ చేతికొచ్చేసరికి, ఆమె బతికే ఉంటుందని, వాలాండర్‌కు దగ్గరవుతుందని పాఠకుడికి ముందే తెలిసిపోయింది. రీగాలో ఆమె కోసం భయపడాల్సిన పుటల్లో భయం ఎక్కడినుంచి వస్తుంది?

నాలుగోది ఆలస్యం కావడం ఇంకా బాధ. మూడో నవల చివరికి వాలాండర్ లోపల ఏదో విరిగిపోతుంది. నాలుగో నవల మొదట్లో అతను చాలాకాలంగా సెలవులో ఉన్నాడు, పోలీసు ఉద్యోగం వదిలేద్దామనుకుంటున్నాడు. ఆ చీకట్లోంచి అతను ఎలా లేచాడన్నది ఆ పుస్తకం. మూడు నుంచి నేరుగా ఐదుకు దూకినవాళ్ళకు విరిగిన మనిషి కనిపించాడు, లేచి పనిలోకొచ్చిన మనిషి కనిపించాడు, మధ్య మెట్టు లేదు. సిరీస్ మొత్తంలో ఒక మనిషి బాగుపడే ఘట్టం చాలా అరుదు. దాన్నే ఆఖరికి పెట్టారు.

నార్వే రచయిత జో నెస్బో రాసిన, పోలీసు డిటెక్టివ్ హ్యారీ హోల్ సిరీస్‌ది ఇంకో రకం అన్యాయం. అందులో మూడు, నాలుగు, ఐదు నవలలు కలిపి ఒక లంకె. మూడో నవలలో హ్యారీకి దగ్గరి సహోద్యోగికి ఒక ఘోరం జరుగుతుంది. దాని వెనక ఎవరున్నారో పాఠకుడికి తెలుస్తుంది, హ్యారీకి తెలీదు. ఆ మనిషి ఎదురుపడ్డప్పుడల్లా అతనికి చెప్పాలని మన నోరు కొట్టుకుపోతుంది, చెప్పలేం. నాలుగో నవలంతా ఆ బరువు మోసి, ఐదో నవలలో దించుకుంటాం. నార్వేజియన్‌లో ఇవి 2000, 2002, 2003లలో వచ్చాయి. ఇంగ్లీషులో 2005లో ముందుగా వచ్చింది ఐదోది. తర్వాత 2006లో మూడోది, 2008లో నాలుగోది. అసలు మొట్టమొదటి నవలకు 2012 దాకా మోక్షం రాలేదు. రచయిత మూడు పుస్తకాల పొడవున బిగించిన తాడును చివరి ముడి దగ్గర విప్పి అమ్మినట్టయింది.

ఫ్రెడ్ వర్గాస్ ఫ్రెంచిలో సృష్టించిన పోలీసు అధికారి ఆడమ్స్‌బెర్గ్ మొదటి నవల 1991 నాటిది. ఇంగ్లీషుకు 2009లో చేరింది, అప్పటికే ఆయన తర్వాతి కేసులు కొన్ని పాఠకుల చేతుల్లో ఉన్నాయి. ఐస్‌లాండ్ రచయిత ఆర్నాల్దుర్ ఇంద్రిదాసన్ డిటెక్టివ్ ఎర్లెండుర్ ఇంగ్లీషులో మూడో నవలతో అడుగుపెట్టాడు. ఆ నవలే 'జార్ సిటీ' అని ఒకసారి, 'టెయింటెడ్ బ్లడ్' అని ఒకసారి రెండు పేర్లతో తిరిగింది. కొత్తదనుకుని కొని, మొదటి పుట తిప్పగానే చదివిందేనని తెలిస్తే పాఠకుడికి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. కొత్త రచయితను కొత్త భాషలోకి తెస్తున్నప్పుడు, ఉన్నవాటిలో బలమైన నవలను ముందు పెట్టాలనుకోవడం సహజం. బహుమతి వచ్చిన పుస్తకం మీద ఆ ముద్ర వేసుకుంటే నలుగురి కళ్ళూ పడతాయి. 'ద లాఫింగ్ పోలీస్‌మన్'కు అమెరికాలో 1971లో ఎడ్గర్ బహుమతి వచ్చింది, నాలుగో నవలకు. వాలాండర్ ఐదో నవలకు ఇంగ్లాండ్‌లో 2001లో గోల్డ్ డాగర్ బహుమతి వచ్చింది. మొదటి నవలల్లో చెయ్యి తిరగకపోవడం కూడా నిజమే. హ్యారీ హోల్ మొదటి కేసు ఆస్ట్రేలియాలో, రెండోది బ్యాంకాక్‌లో జరుగుతాయి. సొంత నగరం ఓస్లోలో అతను నిలదొక్కుకునేది మూడో నవలలోనే. అక్కడినుంచి మొదలుపెట్టాలని మీకు అనిపించడం అర్థం చేసుకోగలను.

కానీ క్రైమ్ సిరీస్‌ల పాఠకులను మీరు తక్కువ అంచనా వేస్తున్నారు. మొదటి పుస్తకంలో తడబాటును మేం క్షమిస్తాం. క్షమించడమేమిటి, ఇష్టపడతాం కూడా. తర్వాత్తర్వాత రాయిలా నిలబడబోయే మనిషి మొదట్లో ఎలా తూలాడో చూడడం మాకు కావాలి. పదిహేనో నవలలో ఒక్క వాక్యంలో పాత కేసు ప్రస్తావన వస్తే, ఆ కేసు మేం చూశాం అనే గర్వం మాది. పది, ఇరవై పుస్తకాలు వెంట నడిచే పాఠకుడు మీకు ఇంకెక్కడ దొరుకుతాడు? మొదటి పుస్తకం బలహీనమని దాన్ని దాచేస్తే, ఆ నడక మొదలయ్యే చోటే లేకుండా పోతుంది.

మరీ తప్పదనుకుని మధ్య నుంచి మొదలుపెట్టినా, కనీసం అట్ట మీద సంఖ్య వేయండి. ఇది ఎన్నో నవల, దీనికి ముందు ఏవి, తర్వాత ఏవి, ఇంకా అనువాదం కానివి ఏవి. దీనికి అరపుట చాలు. లోపల 'ఇదే రచయిత ఇతర రచనలు' అని అక్షర క్రమంలోనో, అచ్చయిన క్రమంలోనో జాబితా వేస్తారు. అది చూస్తే వరస తెలియదు, తప్పు వరస తెలుస్తుంది. పేరు మార్చి మళ్ళీ వేస్తే పాత పేరు కూడా ముందు అట్ట మీదే వేయండి. ఈబుక్ అయితే ఇది ఇంకా తేలిక, సిరీస్ పేరు పక్కన అంకె చేర్చడమే. అయినా ఎన్నో చోట్ల ఆ అంకె ఉండదు, ఉంటే తప్పుగా ఉంటుంది.

వెనక అట్ట గురించి కూడా చెప్పాలి. నవలలో సగానికి వచ్చాక గానీ తెలియని చావును అట్ట మీద మొదటి వాక్యంలో రాసేస్తారు. సిరీస్ మధ్యలో ఒక ముఖ్యపాత్ర పోతే, దాని తర్వాతి పుస్తకం అట్ట మీద 'ఫలానావాడు పోయిన దుఃఖంలో ఉన్న ఇన్‌స్పెక్టర్' అని ఉంటుంది. ముందు పుస్తకం ఇంకా చదవనివాళ్ళు దుకాణంలో ఆ అట్ట తిప్పి చూస్తారు కదా! పునర్ముద్రణల్లో పెద్ద రచయితలతో, విమర్శకులతో ముందుమాటలు రాయిస్తారు. మంచి పనే, వాటిలో కొన్ని నాకు ఎంతో నేర్పాయి. కానీ ఒక పాత సిరీస్ కొత్త ముద్రణకు రాసిన ముందుమాటలో, హంతకుడి పేరు, అతను చేసిన కారణం రెండూ మూడో పుటలోనే చదవాల్సి వచ్చింది నాకు. ఎవరు వేశారో, ఎవరు రాశారో చెప్పను. ఆ ముందుమాట చాలా బాగుంది కూడా. దాన్ని చివర వేసి, 'నవల చదివాక చదవండి' అని ఒక్క ముక్క పెడితే సరిపోయేది.

మంచి చేసినవాళ్ళను కూడా ఇక్కడే తలచుకుంటాను. అమెరికన్ రచయిత ఎడ్ మెక్‌బైన్ '87వ ప్రిసింక్ట్' (87వ ఠాణా) సిరీస్‌ను 1956లో మొదలుపెట్టినప్పుడు, ఒక్క హీరో కాకుండా ఠాణా మొత్తం కథానాయకుడిగా ఉండాలన్నది ఆయన ఆలోచన. అందుకే మూడో నవల రాతప్రతిలో డిటెక్టివ్ స్టీవ్ కరెల్లాను చంపేశాడు. ప్రచురణవైపు వాళ్ళు ఒప్పుకోలేదు. వీడు నీ సిరీస్‌కు ప్రాణం, చంపడానికి వీల్లేదన్నారు. కరెల్లా బతికాడు, 2005లో మెక్‌బైన్ కన్నుమూసేదాకా ఆ ఠాణాలో పనిచేస్తూనే ఉన్నాడు. సిరీస్ ఎక్కడికి పోతుందో కొన్నిసార్లు రచయిత కంటే మీకే ముందు తెలుస్తుందనడానికి ఇది రుజువు. ఇటలీలో ఆంద్రెయా కమిల్లేరి ఇన్‌స్పెక్టర్ మోంతల్బానో చివరి నవలను 2005 నాటికే రాసి, పలెర్మోలోని తన ప్రచురణకర్త సెల్లేరియోకు అప్పగించారు. ఆ ప్రతి ఏళ్ళ తరబడి బయటికి పొక్కలేదు. కమిల్లేరి 2019లో పోయారు, ఆ నవల 2020లో వచ్చింది. ఈ మధ్యకాలంలో మోంతల్బానో కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి, ముగింపు మాత్రం దాని వంతు వచ్చేదాకా ఆగింది. వరస పట్ల అంత గౌరవం చూపిన ప్రచురణ సంస్థకు చేతులెత్తి మొక్కాలి. ఆ సిరీస్ నవలలన్నిటినీ ఇంగ్లీషులోకి తెచ్చింది ఒక్కరే, స్టీఫెన్ సార్తరెల్లి. ఠాణాలో ఫోనెత్తే కతరెల్లా మాటల్ని ఎలా వంకర తిప్పుతాడో మొదటి పుస్తకాల్లో ఆయన కుదిర్చింది చివరిదాకా నిలిచింది. పాత్ర గొంతు చెదరకపోవడం ఎంత పెద్ద విషయమో సిరీస్ చదివేవాళ్ళకే తెలుసు. జార్జ్ సిమెనన్ ఫ్రెంచిలో రాసిన పోలీసు అధికారి మెగ్రే నవలలు 75. వాటన్నిటినీ పెంగ్విన్ 2013 నుంచి 2020 దాకా, దాదాపు నెలకొకటిగా కొత్త అనువాదాల్లో, మొదటిదాంతో మొదలుపెట్టి వేసింది. మెగ్రే పెద్దగా వయసు మీదపడని మనిషి, ఏ నవల ముందు చదివినా పెద్ద నష్టం లేదు. అయినా వరసలో వేశారు. వరస తప్పితే గాయపడే సిరీస్‌లకు ఇంకెంత శ్రద్ధ అవసరమో చూడండి.

ఎందుకంటే కొందరు డిటెక్టివ్‌లకు నిజంగానే వయసు పెరుగుతుంది. స్కాట్లండ్ రచయిత ఇయన్ రాంకిన్ 1987లో మొదలుపెట్టిన పోలీసు డిటెక్టివ్ జాన్ రీబస్ మనతో పాటే ఏడాదికేడాది పెద్దవాడయ్యాడు. అప్పటి స్కాట్లండ్ పోలీసు నిబంధన ప్రకారం 60 ఏళ్ళకు ఉద్యోగం వదలాల్సి ఉంది కాబట్టి 2007లో రీబస్ రిటైరయ్యాడు. రచయితకు ఇష్టమున్నా లేకపోయినా ఒక సర్వీసు రూలు కథను ఆపింది. అలాంటి ముగింపు పోలీసు నవలకే సాధ్యం, ప్రైవేటు డిటెక్టివ్‌కు ఆ గడువుండదు. 2012లో అతను పాత కేసులు తిరగతోడే విభాగంలో సాధారణ పౌరుడిగా తిరిగొచ్చాడు. ఆ మరుసటి ఏడాది నవలలో మళ్ళీ పోలీసుల్లో చేరాడు, మునుపటికంటే తక్కువ హోదాలో. ఆ నవలలో అతని పై అధికారి షివోన్ క్లార్క్. 1993 నవలలో డిటెక్టివ్ కానిస్టేబుల్‌గా వచ్చి, అతని పెంకితనాన్ని భరించి, అతని దగ్గర పని నేర్చుకుని, అతనిలా కాకూడదని కూడా నేర్చుకున్న మనిషి. ఆమె ఇన్‌స్పెక్టరై అతనికి పని చెబుతున్న దృశ్యాన్ని 20 ఏళ్ళ పరిచయంతో చదవడం ఒకటి, ఎవరో ఇద్దరు పోలీసుల మధ్య సంభాషణగా చదవడం ఒకటి. మొదటి రకం పాఠకుడు ఆ పుటలో ఆగి, పుస్తకం మూసి, కాసేపు ఊరికే కూర్చుంటాడు. ఆ ఆగడం కోసమే మేం సిరీస్‌లు చదువుతాం.

ఇంకొక సంగతి. సిరీస్‌ను మధ్యలో వదిలేయకండి. నాలుగు పుస్తకాలు తెచ్చి, అమ్మకాలు తగ్గాయని ఐదోది ఆపేస్తే, మీ లెక్కల్లో అది ఒక పుస్తకం తగ్గడం. పాఠకుడికి అది ఒక మనిషి సగం వాక్యంలో ఆగిపోవడం. పాతవి అచ్చులో లేకుండా చేసి కొత్తవి అమ్మడం కూడా అంతే. ఇరవయ్యో నవల మేజాబల్ల మీద గుట్టగా పోసి, మొదటి మూడూ ఎక్కడా దొరక్కపోతే కొత్త పాఠకుడు ఏ గుమ్మంలోంచి లోపలికి రావాలి? అన్నీ కాగితం మీద ఉంచలేకపోతే ఈబుక్‌గానైనా ఉంచండి.

ఈ సిరీస్‌లను తెలుగులోకి తేవాలనుకునేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకు ప్రత్యేకంగా ఒక విన్నపం. మీకు ఇంతవరకు చెడిపోయిన వరస లేదు, కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఉంది. సినిమాగా వచ్చిన నవలనో, బహుమతి వచ్చిన నవలనో కాకుండా మొదటిదాన్నే ఎంచుకోండి. ఇంగ్లీషు అనువాదాల క్రమాన్ని కాకుండా మూలభాషలో వచ్చిన క్రమాన్ని చూడండి. వీలైతే ఒక సిరీస్‌కు ఒకే అనువాదకుణ్ణి పెట్టుకోండి. ఇద్దరు ముగ్గురు తప్పనిసరైతే, పాత్రలు ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారో ముందే తేల్చి రాసిపెట్టుకోండి. తెలుగులో ఇది మరీ ముఖ్యం. మొదటి నవలలో 'మీరు' అనుకున్న ఇద్దరు పోలీసులు మూడో నవలలో 'నువ్వు'లోకి దిగితే అది వాళ్ళ స్నేహంలో జరిగిన మార్పుగా ఉండాలి, అనువాదకుడు మారినందువల్ల జరిగినదిగా ఉండకూడదు. పదవుల పేర్లు కూడా పుస్తకానికొక రకంగా మార్చకండి. మొదట్లో కానిస్టేబుల్ అన్నవాణ్ణి తర్వాత వేరే పేరుతో పిలిస్తే పాఠకుడు ప్రమోషన్ వచ్చిందనుకుంటాడు.

'రోజానా'తో మొదలుపెట్టి పదీ వరసలో తెస్తామని మీలో ఒక్కరు ముందుకొస్తే, ముందస్తు చందా కట్టే పాఠకుల్లో నా పేరు మొదట రాసుకోండి. మధ్యలో ఆలస్యమైనా ఫర్వాలేదు, ఏడాదికొకటి వచ్చినా ఎదురుచూస్తాను. వెనక అట్ట మీద మాత్రం నాలుగో నవలలో ఆ బస్సులో ఉన్నదెవరో రాయకండి. నేను ఈ ఉత్తరంలో చెప్పేశాను గానీ, ఇది అట్ట కాదు, మీరంతా చదివి ఉంటారన్న నమ్మకంతో మీకు రాసిన ఉత్తరం.

ఇట్లు
ఒక క్రైమ్ సిరీస్ పాఠకుడు